నేను చూడని ఉంగరాలు

ముప్పైఒక్క ఏళ్ళు నేను జనం రక్తం చూసుకునే బతికాను. భయపడకండి, ప్రభుత్వ ఉద్యోగమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా వైపు పొట్టిగా ఎల్టీ అంటారు. ఆ ముప్పైఒక్క ఏళ్ళలో పద్నాలుగు భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో గడిచాయి. ఈ మధ్య ఖమ్మంలో పాత స్నేహితుడి కూతురు కలిసింది. నేను చదివిన చదువే చదివి పెద్ద ల్యాబ్‌లో చేరింది. "ఇప్పుడు అంతా మిషన్లే చెప్తున్నయి అంకుల్, మనం చేసేదేముంది, సంతకం పెట్టుడే గద" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చాక ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. సంతకం పెట్టుడే గదా అనుకుని నేనూ ఒకసారి పెట్టాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆమెకూ ఆమె తోటివాళ్ళకూ పనికొస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

మాది కుసుమంచి పక్కన పల్లె. అడవికి బదిలీ అయిందని తెలిసినప్పుడు మా అమ్మ మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "జ్వరాల దేశంరా అది, నిన్నెవరు సూస్తరు అక్కడ" అని ఏడ్చింది. జ్వరాలు ఉన్నాయి కాబట్టే నన్ను వేశారని చెప్పినా ఊరుకోలేదు. ఆమె మాట అబద్ధమేమీ కాదు. వానలు మొదలైతే చలికాలం నడుమదాకా మా దవాఖానా వరండాలో కాలు పెట్టే చోటుండేది కాదు. గోదావరి అవతలి గూడేల నుంచి మంచాల మీద, సైకిళ్ళ మీద, భుజాల మీద మోసుకొచ్చేవాళ్ళు. రాలేనివాళ్ళ వేలి రక్తం గాజు పలక మీద పూసి, కాగితంలో చుట్టి, మా ఆరోగ్య కార్యకర్తలు బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళు. ఆయన మా గేటు దగ్గర బస్సు ఆపి, "ఎల్టీ సారూ, నీ పొట్లాలు" అని కేకేసి ఇచ్చి పోయేవాడు. ఆ పలకలనే మేము స్లైడ్లంటాం.

నా గది ఒకప్పుడు సామాన్ల గది. ఒక బల్ల, ఒక కిటికీ, ఒంటికన్ను మైక్రోస్కోపు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనుక దాని కింది అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకుని ఆకాశం వెలుతురులో చూసేవాణ్ణి. స్లైడుకు రంగు వేసి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి, లెన్సు దింపి, ఒక మూల నుంచి ఇంకో మూలకు వంద చోట్లు వెతకాలి. మలేరియా ఉంటే రక్తంలో సన్నటి నీలం ఉంగరం కనిపిస్తుంది, దానికొక ఎర్రటి రాయి పొదిగినట్టు చుక్క. ఆ ఉంగరం కనబడితే పాజిటివ్, వంద చోట్లా కనబడకపోతే నెగిటివ్. అంతే నా విద్య.

అంతే విద్య గానీ దాని మీద నాకున్న పొగరు చిన్నది కాదు. రోజుకు అరవై స్లైడ్లు చూసినా నా చదువు తప్పేది కాదు. పాజిటివ్ వచ్చిన స్లైడ్లన్నీ, నెగిటివ్‌లలో కొన్నీ ఖమ్మం పంపితే అక్కడ మళ్ళీ చూసేవాళ్ళు. ఏళ్ళ తరబడి నా మీద ఒక్క తప్పు రాలేదు. మా పెద్ద సిస్టర్ కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకూ నన్ను చూపించి, "ఈయన కండ్లకు దొరకని పురుగు లేదు సార్" అని చెప్పేది. నేను తల దించుకుని వినయం నటించేవాణ్ణి. లోపల మాత్రం, ఇంకోసారి చెప్తే బాగుండు అనిపించేది.

ఆ రోజుల్లోనే కిట్లు వచ్చాయి. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. అందులో ఒక చుక్క రక్తం, నాలుగు చుక్కల మందు నీళ్ళు వేస్తే పావుగంటలో గీతలు వస్తాయి. ఒక్క గీత వస్తే ఏమీ లేదు, రెండు వస్తే ప్రాణం తీసే రకం మలేరియా. మమ్మల్ని ఖమ్మం పిలిచి ఒక పూట శిక్షణ ఇచ్చారు. ఆ పూట పెట్టిన భోజనం, వంకాయ కూరతో సహా నాకు ఇప్పటికీ గుర్తుంది. చెప్పిన పాఠం మాత్రం సగమే గుర్తుంది. తిరిగొచ్చి మా వాళ్ళతో, "గీతలు చూసి జాతకం చెప్పే చిలకను పంపిండ్రు" అని ఎగతాళి చేశాను.

నెల తిరక్కముందే ఆ చిలక నా జాతకం చెప్పింది. అడవి శాఖలో వాచరు ఒకాయన జ్వరంతో వచ్చాడు. నేను స్లైడు చూసి నెగిటివ్ రాశాను. పెద్ద సిస్టర్ ఎందుకైనా మంచిదని కిట్ పెడితే రెండు గీతలు వచ్చాయి. నేను మళ్ళీ కూర్చుని, మూడొందల చోట్లు వెతికితే, మొత్తం స్లైడులో రెండంటే రెండు ఉంగరాలు దొరికాయి. ముందు చూసినప్పుడు అవి నా కంటి కిందనుంచే పోయాయి. వాచరు బతికాడు, కిట్ పుణ్యమే. అప్పటి దాకా చిలక అని వెక్కిరించిన నోటితో ఏమీ అనలేకపోయాను. ఆ రోజు నుంచీ పెద్ద సిస్టర్ నా కళ్ళ గురించి ఎవరికీ చెప్పడం మానేసింది. తిట్టినా బాగుండేది.

అసలు సంగతి నాకు తెలుసు. అప్పటికే కొన్ని నెలలుగా నా కుడి కంట్లో మసక. పొగ పట్టిన గాజులోంచి చూస్తున్నట్టుండేది. లెన్సు తుడుచుకునేవాణ్ణి, రంగు బాగా లేదనుకునేవాణ్ణి, ఆకాశం మబ్బు పట్టిందనుకునేవాణ్ణి. కన్ను మాత్రం బాగానే ఉందనుకునేవాణ్ణి. నలభై ఆరేళ్ళకే శుక్లాలేమిటి, అదీ కన్నే కూడు పెట్టే నాకు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఒక ఉపాయం కనిపెట్టాను. ముందు కిట్ పెట్టి, ఆ పావుగంటా టీ తాగి, గీతలు చూసుకుని, ఆ తర్వాతే స్లైడు ముందు కూర్చునేవాణ్ణి. కిట్ రెండు గీతలు చూపిస్తే దొరికేదాకా వెతికేవాణ్ణి. ఒక్క గీత చూపిస్తే ముప్పై చోట్లు చూసి లేచేవాణ్ణి. పని జల్దీ అయ్యేది. తప్పులు రాలేదు. తెలివైన పద్ధతి కనిపెట్టానని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

దసరా ముందు ఒక పొద్దున్నే, నది అవతలి గూడెం నుంచి ఒకామెను తెచ్చారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు, మరిది కలిసి మంచం మీద మోసుకొచ్చి, తర్వాత ఆటోలో ఎక్కించి తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, చలితో పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆమెకు తెలుగు అంతగా రాదు, కోయ భాషే. మొగుడు ఇద్దరి తరఫునా మాట్లాడేవాడు. ఆరునెలల క్రితమే మా దగ్గరికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. మధిర వైపు పిల్ల, మొదటి పోస్టింగు. నెమ్మదిగా మాట్లాడేది, ఏదైనా రెండుసార్లు అడిగేది. ఆమె నాతో, "ఎల్టీ గారూ, స్లైడు కూడా చూసి చెప్పండి, నాకు తొందరేం లేదు" అంది.

కిట్ పెట్టాను. రెండు గీతలు, రెండోది కొంచెం లేతగా. స్లైడు చేశాను. వెతికాను. ఆ రోజు మబ్బు, కరెంటు లేదు, కుడి కన్ను నీరు కారుతోంది. యాభై చోట్లు చూశాను, లేదు. వంద చూశాను, లేదు. బయట ఇంకో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. వాచరు స్లైడు గుర్తొచ్చింది. ఇందులోనూ ఎక్కడో రెండు ఉంటాయి, నాకు కనబడటం లేదంతే అనుకున్నాను. కిట్ అబద్ధం చెప్పదు గదా. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా 'పాజిటివ్, ఉంగరాలు కనిపించినవి' అని రాసి సంతకం పెట్టాను. అది తప్పని ఖమ్మం నుంచి తిరిగొచ్చేసరికి ఎట్లాగూ నెల పడుతుంది, అప్పటికి ఎవరికి గుర్తుంటుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. అది రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, అంతా చెప్తానని కదా మొదలుపెట్టింది.

కాగితం పట్టుకుని వరండాలోకి వస్తే మొగుడు లేచి నిలబడ్డాడు.

"పురుగు కనబడ్డదా సారూ అద్దంల?"

"ఆ, కనబడ్డది. మందు మొదలు పెడ్తరు, తగ్గుతది" అన్నాను.

అతడు చేతులు జోడించాడు. జబ్బేమిటో తెలిసిందని ఆ ముఖంలో ఎంత నిశ్చింతో.

డాక్టరమ్మకు మలేరియానే తిరగబెట్టిందన్న అనుమానం ఉండనే ఉంది. పద్దెనిమిది రోజుల క్రితం ఇదే ఆమెకు జ్వరమొస్తే మా పెద్ద సిస్టరే గూడేనికి పోయి, కిట్ పెట్టి, మలేరియా మాత్రలు దగ్గరుండి మింగించింది. జ్వరం తగ్గింది కూడా. మళ్ళీ వచ్చిందంటే మాత్రలు పనిచేయలేదన్నమాట. "కిట్ ఒక్కటే అయితే ఆలోచించేదాన్ని. స్లైడులో కూడా ఉన్నాయంటున్నారు కాబట్టి ఇక క్వినైనే" అని సెలైన్‌లో కలిపి ఎక్కించింది. ఆ 'కాబట్టి' నా సంతకం మీదే నిలబడి ఉంది. స్లైడ్లు చాలా ఉన్నాయని గొణిగి నా గదిలోకి వెళ్ళిపోయాను.

ఒక రోజు గడిచింది. జ్వరం తగ్గలేదు. రెండో రోజూ తగ్గలేదు. చెవుల్లో హోరని ఆమె చెవులు మూసుకునేది. క్వినైన్ అట్లాగే చేస్తుంది. రెండో సాయంత్రానికి నాడి వడిగా కొట్టుకోవడం, మాట తడబడటం మొదలైంది. మొగుడు వరండా స్తంభానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఏమన్నా తిన్నాడో లేదో ఎవరం అడగలేదు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ నా గదికి వచ్చింది. అంతకు ముందెప్పుడూ ఆమె నా గదికి రాలేదు, పిలిపించేది.

"ఎల్టీ గారూ, ఇవాళ ఇంకో స్లైడు తీయండి. మొన్న వంద చోట్లలో ఎన్ని ఉంగరాలున్నయో, ఇవాళ ఎన్ని ఉన్నయో నాకు లెక్క కావాలి. తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. తగ్గకపోతే మందు మార్చాలి. ఏదైనా పది గంటల లోపు తేల్చాలండీ, ఆమె ఆగేట్టు లేదు."

స్లైడు తీశాను. ఆ రోజు ఆకాశం శుభ్రంగా ఉంది. మొదటిసారి కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. అలవాటు లేక మొదట తల తిరిగింది, తర్వాత కుదిరింది. రక్తకణాలు ఒక్కొక్కటీ అంచులతో సహా కనిపిస్తున్నాయి. రెండొందల చోట్లు చూశాను. ఒక్క ఉంగరమూ లేదు. డబ్బాలోంచి మొన్నటి స్లైడు తీసి అదే ఎడమ కంటితో చూశాను. మూడొందల చోట్లు. ఒక్కటి లేదు. నాకు కనబడకపోవడం కాదు, అందులో అసలే లేవు.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. నాకు చక్కటి అబద్ధం సిద్ధంగా ఉంది. 'మొన్న చాలా ఉన్నయమ్మా, ఇవాళ ఒక్కటి లేదు, మందు బ్రహ్మాండంగ పనిచేసింది' అంటే సరిపోతుంది. సగం నిజం కూడా. నన్నెవరూ పట్టుకోలేరు. డాక్టరమ్మ కూడా నమ్ముతుంది. నమ్మి, పురుగు చచ్చినా జ్వరం పోలేదంటే మలేరియా మెదడుకెక్కిందనుకుని, ఆ దారినే పోతుంది. ఆ దారిన మంచం మీద ఉన్నామె బతకదు. ఇంత లెక్కా నా బుర్రలో ఒక నిమిషంలో తిరిగింది. తప్పు చేసేటప్పుడు మనిషి బుర్ర ఎంత చురుకో చెప్పలేను.

వరండాలో మొగుడు మళ్ళీ లేచాడు. "పురుగులు సచ్చినయా సారూ?"

నేను అతణ్ణి దాటి లోపలికి నడిచాను.

డాక్టరమ్మ మంచం పక్కనే ఉంది. పెద్ద సిస్టర్ బీపీ చూస్తోంది. రోగులను కనిపెట్టుకుని ఉండే ఆయమ్మ తడిగుడ్డ పిండుతోంది. పక్కకు పిలిచి చెప్పాలనుకున్నాను గానీ, పక్కకు పోతే ధైర్యం చాలదనిపించి అక్కడే అనేశాను.

"అమ్మా, మొన్న స్లైడుల నాకు ఉంగరాలు కనబళ్ళే."

"ఇవాళా?"

"ఇవాళ గూడ లేవు. మొన్న గూడ లేవు. మొన్నటిది మళ్ళ సూసిన."

"మరి ఉన్నాయని ఎట్లా రాశారు?"

"కిట్ సూసి రాసిన."

పెద్ద సిస్టర్ చేతిలో బీపీ బుడగ అట్లాగే ఆగిపోయింది. డాక్టరమ్మ అరిస్తే బాగుండని నేను ఎదురు చూస్తున్నాను. ఆమె అరవలేదు.

"కిట్ నాకూ కనబడుతుంది కదండీ ఎల్టీ గారూ. నేను అడిగింది మీ కన్ను. ఇద్దరు సాక్షులు ఉన్నారనుకుని ఈ మందు ఎక్కించాను. ఉన్నది ఒక్కరే, మీరు ఆ ఒక్కరి మాటే నాకు రెండోసారి చెప్పారు" అంది.

ఆ మాట పడిన చోట ఇప్పటికీ నొప్పి ఉంది. అంతకన్నా సరిగ్గా నా తప్పును ఎవరూ చెప్పలేరు.

వెంటనే ఆమె కిట్ల పెట్టె తెమ్మంది. అందులో వచ్చే కాగితం కావాలంది. ఆ కాగితం ఎక్కడుందో నాకు బాగా తెలుసు. మంచి దళసరి కాగితం, కిట్‌తో పాటు వచ్చినవన్నీ దాచుకుని, ఖమ్మం పంపే స్లైడ్లు వాటిలోనే చుట్టేవాణ్ణి. మా జిల్లాలో దాన్ని వందలసార్లు మడతపెట్టిన మనిషిని నేనే. ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు. పంపడానికి సిద్ధంగా ఉన్న పొట్లం ఒకటి విప్పి ఇచ్చాను. చీమతలకాయల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో, ఆఖరి వరసలకు ముందు ఉంది ఆ ముక్క: మందు వాడి జబ్బు తగ్గినా, కొన్ని వారాల దాకా గీత కనబడవచ్చు.

అంటే కిట్ అబద్ధం చెప్పలేదు. ఈమెకు మొన్నామధ్య మలేరియా వచ్చిపోయిందని నిజాయితీగా చెప్పింది. ఇప్పటి జ్వరం దేనిదని దాన్ని అడిగితే అది మాత్రం ఏం చేస్తుంది. ఆ మాట చెప్పాల్సింది నా మైక్రోస్కోపు. దాని నోరు నేనే నొక్కేశాను.

డాక్టరమ్మ క్వినైన్ ఆపించింది. "సున్నా నుంచి చూద్దాం. ఇప్పుడే వచ్చిందనుకుందాం" అని స్టెతస్కోపు చెవులకు పెట్టుకుంది. ఛాతీ, కడుపు, మెడ అన్నీ మళ్ళీ చూసింది. ఏమీ తేలలేదు. అప్పుడు మా ఆయమ్మ తడిగుడ్డ భుజాన వేసుకుని అంది. ఆమెదీ అటువైపు గూడెమే, రెండు భాషలూ వచ్చు.

"అమ్మా, నేను సెప్పొచ్చో లేదో. ఈమె వచ్చిన కాడి నుంచి ఎడమ పక్కకే పండుకుంటది. దుప్పటి మార్సనీకి ఇటు తిప్పితే నా సెయ్యి గట్టిగ పట్టుకుంటది."

"అడుగు, కుడి వైపు ఏమైందో అడుగు" అంది డాక్టరమ్మ.

ఆయమ్మ వంగి కోయలో అడిగింది. ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ అడిగితే, పెద్ద సిస్టర్ వైపు ఒకసారి చూసి, చాలా నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆయమ్మ మాకు చెప్పింది. జ్వరం తగ్గాక నీరసంగా ఉందని సంతకు పోయినప్పుడు, అక్కడ పెట్టె పెట్టుకుని కూర్చునే ఒకాయన దగ్గర బలం సూది వేయించుకుందట. మా వైపు జనానికి మాత్ర మందు కాదు, సూదే మందు. సంత సూదులు వేయించుకుంటే పెద్ద సిస్టర్ ఊరంతా వినేట్టు తిడుతుంది. అందుకని చెప్పలేదట. మొగుడికీ చెప్పలేదట.

నేను బయటకు వచ్చేశాను. లోపల చూసి చెప్పిన మాట ఇది: కుడి పిరుదు లోతుల్లో గట్టిగా, వేడిగా, అరచేయంత గడ్డ. పైకి పెద్దగా తెలియడం లేదు. డాక్టరమ్మ సూది పెట్టి లాగితే చీము వచ్చింది. జ్వరం దానిది. అప్పటికే విషం రక్తంలోకి ఎక్కుతోంది.

అరగంటలో జీపు కదిలింది. డాక్టరమ్మే వెంట కూర్చుంది. భద్రాచలం పెద్ద దవాఖానాలో కోసి కడిగారు. ఇంకో పూట ఆలస్యమైతే తెచ్చినా లాభం లేకపోయేదని అక్కడి డాక్టరు అన్నాడట. పెద్ద సిస్టర్ ఆ మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు పెట్టుకుని, "నన్ను సూసి భయపడ్డదంట. నేను తిట్టేది వాళ్ళ మంచికే గద" అని ఏడ్చింది. నేను ఆమెను ఓదార్చలేదు. ఓదార్చే అర్హత ఆ రోజు నాకు లేదు.

సాయంత్రం డాక్టరమ్మ తిరిగొచ్చి రిజిస్టరు అడిగింది. నేను ఆ వరస కొట్టేయబోతే ఆపింది. "కొట్టేయకండి. కింద నిజం రాసి సంతకం పెట్టండి." 'ఉంగరాలు కనిపించలేదు. కిట్ చూసి రాసితిని' అని రాశాను. చెయ్యి అంత నెమ్మదిగా ఎప్పుడూ కదల్లేదు. ఆమె పైకి రిపోర్టు చేస్తుందనుకున్నాను, చేయలేదు. బదులుగా ఒక పద్ధతి పెట్టింది. స్లైడు ముందు చూడాలి, ఫలితం చీటీ మీద రాసి మడిచి సిస్టరు చేతికివ్వాలి, ఆ తర్వాతే కిట్ విప్పాలి. రెండూ కలవకపోతే సంతోషించాలి, అప్పుడే అసలు పని మొదలైనట్టు అంది. రెండోది, కన్ను చూపించుకోవడానికి ఖమ్మం పోయేదాకా నాకు జీతం బిల్లు మీద సంతకం పెట్టనంది. కంటి సంగతి ఆమెకు నేను చెప్పలేదు. మొన్నటి స్లైడును ఏ కంటితో చూస్తున్నానో మధ్యలో ఒకసారి గుమ్మం దాకా వచ్చి గమనించిందట.

ఇదంతా అయ్యాక నాలుగో రోజు అనుకుంటాను, మొగుడు మా దవాఖానాకు వచ్చాడు. పిల్లలను చూసుకుని మళ్ళీ భద్రాచలం పోతున్నాడు. పెళ్ళాం లేచి కూర్చుందని, గంజి తాగిందని చెప్పాడు. తువ్వాల మూట విప్పి నాలుగు దోసకాయలు నా బల్ల మీద పెట్టాడు.

"నీ అద్దం వల్లనే బతికింది సారూ."

కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి నాకు. ఆ దోసకాయలు తీసుకుని ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది. డాక్టరమ్మకు చెప్పినంత తేలిక కాదు ఇది. ఆమె నన్ను శిక్షించగలదు, ఇతడు ఏమీ చేయలేడు. అందుకే చెప్పాలనిపించింది.

"కాదు తమ్మీ. పురుగు కనబడ్డదని నీకు చెప్పిన చూడు, అది అబద్ధం. నాకేం కనబళ్ళే. చూసిన అని ఉత్తగనే చెప్పిన. దానివల్ల రెండు దినాలు వేరే మందు ఎక్కిచ్చిండ్రు. నీ పెండ్లాం నా వల్ల సావబోయింది."

అతడు నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. అర్థమయిందో లేదోనని మళ్ళీ చెప్పబోయాను.

"తెల్సింది సారూ" అన్నాడు. "మాకు ఏం తెల్వదు గద. తెల్వదనే మాకు ఎవరు ఏం చెప్పరు. మా అమ్మ గీ దవాఖానలనే సచ్చిపోయింది. ఎందుకు సచ్చిందో ఎవరు చెప్పలే. నువ్ చెప్పినవ్" అన్నాడు.

దోసకాయలు తిరిగి మూట కట్టుకుంటాడేమో అనుకున్నాను. కట్టుకోలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని, ఎడమ చేయి నా బల్ల మీద పెట్టి, వేలు చాపాడు.

"నాది గూడ సూడు. మూడు దినాల సంది సలి, జరం. ఆమె కాడ ఉండి ఎవరికీ చెప్పలే."

వేలు పట్టుకుంటే నిప్పులా ఉంది. రక్తం తీశాను. స్లైడు ఆరేదాకా, రంగు పట్టేదాకా, గంటసేపు అతడు ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. ఎడమ కంటితో వెతికాను. పదిహేడో చోట దొరికింది. నీలం ఉంగరం, ఎర్ర చుక్క. చీటీ రాసి, మడిచి, సిస్టరుకు పంపాను. తర్వాత కిట్ పెట్టాను. అదీ అదే మాట చెప్పింది. ఉంగరం ఉన్న చోటు మళ్ళీ వెతికి పట్టుకుని, లేచి నిలబడి, నా కుర్చీలో అతణ్ణి కూర్చోబెట్టాను. ఒక కన్ను ఎట్లా మూయాలో చూపించాను.

అతడు చాలాసేపు చూశాడు.

"గింత సన్నదా" అన్నాడు.